సొంత పాటలు, పలు లైబ్రరీలు: స్ట్రీమింగ్ యాప్‌లలో చిక్కు ఎక్కడ మొదలవుతుంది?

క్లుప్తంగా: సొంత పాటల ఫైళ్లను ప్లెక్స్, జెల్లీఫిన్, నావిడ్రోమ్ వంటి ఇంటి సర్వర్లలోనో, ఆపిల్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్ ఖాతాల్లోనో పెట్టుకుని వినేవారికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. అన్నీ ఒకే లైబ్రరీగా ఉంచాలా, విడదీయాలా? ఫోల్డర్లు విడిగా పెట్టినంత మాత్రాన లైబ్రరీలు విడిపోవు. పాటను యాప్ దేన్నిబట్టి గుర్తుపడుతుందన్నదే అసలు సంగతి. ఎవరు వింటారు, ఎలా వింటారు అన్న తేడాలకు లైబ్రరీలను, ఏ రకం పాట అన్న తేడాకు ట్యాగులను (పాట ఫైలు లోపలే రాసి ఉండే పేరు, గాయకులు, ఆల్బమ్ వంటి వివరాలను) వాడుకుంటే ఇబ్బంది తగ్గుతుంది. తెలుగు సినిమా పాటల సేకరణల్లో ముందు ట్యాగులు సరిచేసుకుని, ఆ తరువాతే విభజన జోలికి వెళ్లడం మేలు.

సొంత ఫైళ్ల వైపు మళ్లీ ఎందుకు

చందా కట్టి వినే సేవలు వచ్చాక హార్డ్‌డిస్కులోని ఎంపీ3లకు కాలం చెల్లిందనే చాలామంది అనుకున్నారు. గత కొన్నేళ్ల పరిణామాలు ఆ నమ్మకాన్ని సడలించాయి. 2023 మార్చిలో లైసెన్సు ఒప్పందం కుదరక జీ మ్యూజిక్ పాటలు స్పాటిఫై నుంచి తప్పుకున్నాయి. 2024 జనవరి 31న రెస్సో అనే పాటల యాప్ భారత్‌లో మూతపడింది. అదే ఏడాది ఆగస్టులో వింక్ మ్యూజిక్‌ను ఎత్తివేస్తున్నట్టు తెలిసింది. పాటలు అలాగే ఉన్నా, శ్రోతలు ఏళ్ల తరబడి కట్టుకున్న జాబితాలు చెదిరిపోయాయి.

సొంత పాటలను దాచిపెట్టుకోమని చోటు ఇచ్చిన సేవల చరిత్ర కూడా ఇలాంటిదే. 50,000 పాటల దాకా ఉచితంగా ఎక్కించుకోనిచ్చిన గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 డిసెంబరులో ఆగిపోయింది. వినియోగదారుల డేటాను 2021 ఫిబ్రవరి 24 తరువాత తొలగించారు. అమెజాన్ తన సంగీత నిల్వ సేవను 2019 జనవరితో ముగించింది. వన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న పాటలను గ్రూవ్ యాప్‌లో వినే వెసులుబాటును మైక్రోసాఫ్ట్ 2019 మార్చి 31న ఆపేసింది.

వీటికి తోడు తెలుగు ఇళ్లలో మరో కారణం ఉంది. పాత హరికథల క్యాసెట్లు, నాటక పద్యాలు, ఆకాశవాణి నుంచి రికార్డు చేసుకున్న లలిత గీతాలు, ఇంట్లో పిల్లల కచేరీ రికార్డింగులు ఏ చందా సేవలోనూ దొరకవు. ఎవరో ఓపిగ్గా డిజిటల్ చేస్తేనే అవి మిగులుతాయి. ఫలితంగా ఒకే కుటుంబం పాటలు నాలుగైదు చోట్ల పేరుకుంటున్నాయి: పాత ల్యాప్‌టాప్‌లోని ఐట్యూన్స్, ఫోను మెమరీ కార్డు, యూట్యూబ్ మ్యూజిక్ ఖాతా, ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించిన నిల్వ పెట్టె (నాస్). వీటన్నిటినీ ఒక్క యాప్‌లోంచి వినాలనుకున్నప్పుడు గందరగోళం మొదలవుతుంది.

లైబ్రరీ అంటే ఫోల్డర్ కాదు

సర్వర్‌కు ఒక ఫోల్డర్ చూపించగానే అది అందులోని ఫైళ్లన్నీ తెరిచి, లోపలి ట్యాగులు చదివి, తన డేటాబేస్‌లో వరుసలు రాసుకుంటుంది. ఆ తరువాత యాప్ తెరపై కనిపించేదంతా ఆ డేటాబేసే. గ్రంథాలయంలో బీరువాలోని పుస్తకాలు వేరు, కార్డుల పెట్టె వేరు. యాప్‌లో మనం తిరగేసేది కార్డుల పెట్టెనే. పాటకు ఇచ్చిన నక్షత్రం, ఎన్నిసార్లు విన్నారన్న లెక్క, ఏయే ప్లేలిస్టుల్లో చేర్చారన్న సమాచారం చాలా సర్వర్లలో పాట ఫైలులోకి వెళ్లవు. అవి కార్డుకే అంటుకుని ఉంటాయి.

ఆ కార్డును ఏ ఫైలుతో జతపరచాలో సర్వర్ ఎలా తేల్చుకుంటుంది? నావిడ్రోమ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఒకప్పుడు అందులో పాట గుర్తింపు ఆ ఫైలు ఉన్న దారి నుంచి తయారయ్యేది. ‘పాటలు’ ఫోల్డర్ పేరును ‘పాత పాటలు’ అని మార్చితే చాలు, సర్వర్ దృష్టిలో అంతకుముందున్న పాటలన్నీ పోయి కొత్తవి వచ్చినట్టే. నక్షత్రాలు, లెక్కలు గల్లంతయ్యేవి. 2025లో వచ్చిన 0.55 వెర్షన్ ఈ పద్ధతిని మార్చింది. ట్యాగులో మ్యూజిక్‌బ్రెయిన్జ్ ఐడీ (అందరూ కలిసి నింపే సంగీత డేటాబేస్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటే దానితోనూ, లేకుంటే ఆల్బమ్, డిస్కు సంఖ్య, ట్రాక్ సంఖ్య, పాట పేరు కలిపీ స్థిరమైన గుర్తింపు కడుతుంది. దీంతో ఫైలు చోటు మారినా పాత లెక్క వెంట వస్తుంది. అయితే మెలిక ఇక్కడే ఉంది: ఇప్పుడు ఫైలు కదిపితే ఫరవాలేదు కానీ, ట్యాగులు మార్చితే గుర్తింపు మారే అవకాశం వచ్చింది. ఫోల్డర్ల క్రమశిక్షణ చేసిన పనిని ఇప్పుడు ట్యాగుల క్రమశిక్షణ చేయాలి.

విభజన కూడా రెండు తీరులుగా ఉంటుంది. మొదటిది గట్టి గోడ: ఒక్కో లైబ్రరీకి వేరే ఫోల్డర్, ఎవరికి ఏది కనిపించాలన్న వేరే అనుమతి. ప్లెక్స్, జెల్లీఫిన్ మొదటి నుంచీ ఈ దారినే నడుస్తున్నాయి. రెండోది వడపోత: సేకరణ అంతా ఒక్కటే, చూసే కిటికీలు మాత్రం వేరు. నెట్‌వర్క్ ద్వారా పాటలు వినిపించే స్క్వీజ్‌బాక్స్ పరికరాల తయారీని లాజిటెక్ 2012లో మానేసినా వాడుకరుల చేతుల్లో బతికి, 2024లో లిరియన్ అని పేరు మార్చుకున్న మ్యూజిక్ సర్వర్‌లో ‘వర్చువల్ లైబ్రరీ’ అనేది ఇదే. ‘శాస్త్రీయం అని ట్యాగు ఉన్నవి’, ‘ఫలానా తేదీ తరువాత చేర్చినవి’ వంటి నియమం రాస్తే ఆ మేరకు ఒక లైబ్రరీ కనిపిస్తుంది. ఒకే పాట మూడు వర్చువల్ లైబ్రరీల్లో ఉండొచ్చు, డిస్కులో ఫైలు మాత్రం ఒకటే. గట్టి గోడ పద్ధతిలో అదే పాట మూడు చోట్ల కావాలంటే మూడు కార్డులు పుడతాయి, వాటి లెక్కలు ఒకదానికొకటి తెలియవు.

తెలుగు పాట దగ్గర ట్యాగుల తిప్పలు

ఈ యాప్‌ల డేటా నమూనా పాశ్చాత్య ఆల్బమ్ చుట్టూ అల్లినది. ఒక కళాకారుడు లేదా బృందం, వారి ఆల్బమ్, అందులో పది పాటలు. సినిమా పాటకు ఈ చొక్కా సరిపోదు. ఆల్బమ్ పేరు సినిమాది. పాడినవారు పాటపాటకూ మారతారు. ఆల్బమ్‌ను ఒక్కటిగా పట్టి ఉంచేది సంగీత దర్శకుడు. అందుకే ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ ట్యాగులో సంగీత దర్శకుడి పేరు, ‘ఆర్టిస్ట్’ ట్యాగులో గాయనీగాయకుల పేర్లు రాసుకోవడం తెలుగు సేకరణలకు అన్నిటికన్నా నిలకడైన పద్ధతి. ఆల్బమ్ ఆర్టిస్ట్ ఖాళీగా వదిలేస్తే కొన్ని యాప్‌లు ఒకే సినిమాను గాయకుల సంఖ్యను బట్టి ఐదారు ఆల్బమ్‌లుగా చీల్చేస్తాయి.

దీనికి విరుద్ధమైన పొరపాటూ ఉంది. ‘దేవదాసు’ పేరుతో 1953లో, 1974లో, 2006లో తెలుగు సినిమాలు వచ్చాయి. 1953 నాటిదానికి సంగీతం సి.ఆర్. సుబ్బరామన్, 2006 నాటిదానికి చక్రి. ఆల్బమ్ ఆర్టిస్ట్, సంవత్సరం రెండూ లేకపోతే యాప్ ఈ పాటలన్నిటినీ ఒకే అట్ట కింద పేర్చడానికి వెనుకాడదు. ఇది చూసి చాలామంది ‘పాతవి’, ‘కొత్తవి’ అని రెండు లైబ్రరీలు చేస్తారు. సంవత్సరం ట్యాగు పెడితే తీరే సమస్యకు అది మరీ పెద్ద వైద్యం.

జంట పాటల సంగతి చూడాలి. ఆర్టిస్ట్ ట్యాగులో ఇద్దరి పేర్ల మధ్య కామా పెడితే, చాలా సర్వర్లు ఆ కామాను విభజన గుర్తుగా తీసుకోవు. పేరులోనే కామా ఉండే కళాకారులు ఉంటారు కాబట్టి. అప్పుడు ‘ఘంటసాల, సుశీల’ అనే మూడో వ్యక్తి ఒకరు పుట్టుకొస్తారు. ఘంటసాల పేజీలో ఆ పాట కనిపించదు. సెమికోలన్ వాడటమో, ట్యాగులో రెండు విడి విలువలు ఇవ్వడమో దీనికి మందు.

అన్నిటికన్నా మొండి సమస్య ఉచిత డౌన్‌లోడ్ సైట్ల నుంచి దిగిన ఫైళ్లది. చాలా సైట్లు తమ చిరునామాను పాట పేరు చివర, ఆల్బమ్ పేరులో, ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో, చివరకు అట్టబొమ్మ మీద కూడా గుద్దుతాయి. అలాంటి సేకరణను స్కాన్ చేస్తే ‘కళాకారుల’ జాబితాలో మొదటి స్థానం ఆ సైటుకే దక్కుతుంది: వేల పాటలు, ముఖం స్థానంలో ప్రకటన బొమ్మ. పైగా ‘320’ కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) అని రాసి ఉన్నవన్నీ 320 కావు. 128 కేబీపీఎస్ ఫైలును మళ్లీ 320కి ఎక్కించినవీ వాటిలో ఉంటాయి. స్పెక్ట్రమ్ చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ధ్వని ఆగిపోవడం వాటి ఆనవాలు. చోటు రెండింతలకు పైగా తినేస్తాయి, నాణ్యత మాత్రం పెరగదు.

తెలుగు లిపిలో ట్యాగులు రాసుకునేవారికి ఇంకో చరిత్ర అడ్డొస్తుంది. ఎంపీ3 ఫైళ్లలో ట్యాగులు రాసే పద్ధతి పేరు ఐడీ3. 1996 నాటి దాని మొదటి వెర్షన్ ఫైలు చివర 128 బైట్లు మాత్రమే వాడుకునేది. అందులో పాట పేరుకు 30, కళాకారుడికి 30, ఆల్బమ్‌కు 30. యూనికోడ్ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు కావాలి. ఒత్తు, గుణింతం, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘ఘంటసాల’కు 18 బైట్లు చాలు. ‘బాలసుబ్రహ్మణ్యం’కు 45 కావాలి. అంటే ఇంటిపేరు పొడి అక్షరాలు వదిలేసినా పేరు మధ్యలోనే తెగుతుంది. యూటీఎఫ్-8కు అధికారికంగా చోటిచ్చిన ఐడీ3 2.4 వచ్చింది 2000లో. పాత ట్యాగూ కొత్త ట్యాగూ రెండూ ఒకే ఫైలులో ఉండి, కారు ప్లేయర్ ఒకటి, ఫోను మరొకటి చదివే సందర్భాలు ఇప్పటికీ తగులుతాయి. అన్నట్టు, ఆ మొదటి వెర్షన్‌లో సంగీత ప్రక్రియలకు (జానర్లకు) 80 పేర్ల జాబితా ఉండేది. అందులో పోల్కా ఉంది, కర్ణాటక సంగీతం లేదు.

వెతుకులాటలో మరో సూక్ష్మమైన చిక్కు ఐత్వం దగ్గర వస్తుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం మీద ఇంకో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. పాత మ్యాక్ ఫైల్ వ్యవస్థ ఫైళ్ల పేర్లను విడదీసిన రూపంలో భద్రపరిచేది. అక్కడి నుంచి ఎక్కించిన పాటల్లో ట్యాగులు లేక ఫైలు పేరే శీర్షికగా మారినవి ఉంటే, విండోస్‌లో టైపు చేసిన ‘హైదరాబాద్’కు అవి దొరక్కపోవచ్చు, యాప్ ఈ రెండు రూపాలను సమానం చేసే జాగ్రత్త తీసుకోకపోతే. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకునేవారి బాధ మరో రకం. ఘంటసాలను జీ తరువాత హెచ్‌తో ఒకరు, హెచ్ లేకుండా ఒకరు రాస్తారు. ఇళయరాజా పేరులో ఎల్ ఒకటా రెండా అన్నది ఫైలు ఇచ్చినవారి ఇష్టం. మ్యూజిక్‌బ్రెయిన్జ్ ఐడీ ఇలాంటి చోట పనికొస్తుంది. పేరు ఎలా రాసినా 36 అక్షరాల గుర్తింపు సంఖ్య మారదు కాబట్టి, దాన్ని చదవగల సర్వర్‌లో ఒకే మనిషి ఒకే పేజీగా నిలుస్తాడు. పికార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ధ్వని ముద్రను (పాట ధ్వని నుంచే లెక్కగట్టిన గుర్తును) పోల్చి ఈ ఐడీలను ఫైళ్లలోకి రాస్తుంది. అయితే పాత తెలుగు పాటలు చాలావరకు ఆ డేటాబేస్‌లోకి ఇంకా ఎక్కలేదు. ఎవరో ఒకరు నమోదు చేస్తేనే ఎక్కుతాయి.

ఒక్కో యాప్‌ది ఒక్కో తీరు

ఆపిల్ దగ్గర పలు లైబ్రరీల సౌకర్యం చాలా పాతది. మ్యాక్‌లో ఆప్షన్ మీట, విండోస్ ఐట్యూన్స్‌లో షిఫ్ట్ మీట నొక్కిపట్టి యాప్ తెరిస్తే ఏ లైబ్రరీ కావాలో అడుగుతుంది, కొత్తది సృష్టించుకోనిస్తుంది. కంప్యూటర్ వరకు ఇది చక్కగా పనిచేస్తుంది. పాటలను క్లౌడ్‌తో కలిపే ‘సింక్ లైబ్రరీ’ మీట వేయగానే కథ మారుతుంది. ఒక ఆపిల్ ఖాతాకు క్లౌడ్‌లో ఉండేది ఒకే లైబ్రరీ. రెండో లైబ్రరీలోనూ సింక్ వేస్తే ఆ పాటలు కూడా అదే క్లౌడ్‌లో కలుస్తాయి, వేరుగా దాచుకున్నవన్నీ ఫోనులో ఒకే వరుసలో ప్రత్యక్షమవుతాయి. లక్ష పాటల పరిమితి కూడా ఖాతా మొత్తానికి వర్తిస్తుంది. ఒక లైబ్రరీకే సింక్ వేసి, మిగతావి కంప్యూటర్‌కే పరిమితం చేయడం తప్ప ఇక్కడ దారి లేదు.

ఆపిల్ అనుభవంలో మరో పాఠముంది. 2015లో ఆపిల్ మ్యూజిక్ మొదలైనప్పుడు సొంత పాటలను క్లౌడ్‌లోని పాటలతో ట్యాగుల ఆధారంగా జతపరిచేది. కచేరీలో పాడిన రూపం ఉన్నచోట స్టూడియో రూపం వచ్చిపడుతోందన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2016లో ధ్వని ముద్ర పోల్చే పద్ధతికి మారింది. ఒకే కీర్తనను పదిమంది పాడే సంప్రదాయంలో ఈ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. శీర్షిక, రచయిత, రాగం అన్నీ ఒకటే. పాడిన మనిషి మాత్రం వేరు.

యూట్యూబ్ మ్యూజిక్ లక్ష పాటల వరకు ఎక్కించుకోనిస్తుంది, కానీ ఎక్కించినవాటిని ‘అప్‌లోడ్‌లు’ అనే వేరే అర లోపల ఉంచుతుంది. అందులో మళ్లీ గదులు కట్టే వీలు లేదు. స్పాటిఫై సొంత ఫైళ్లను క్లౌడ్‌కు ఎక్కించదు. కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను చూపిస్తే అక్కడ వినిపిస్తుంది. ఫోనుకు తెచ్చుకోవాలంటే రెండు పరికరాలూ ఒకే వైఫైలో ఉండి ప్లేలిస్టును దించుకోవాలి. సొంత సేకరణ పెద్దదైనవారికి ఈ రెండూ అతిథి గదులే.

ఇంటి సర్వర్లలో ప్లెక్స్‌కు సంగీతం కోసమే ప్లెక్స్‌యాంప్ అనే యాప్ ఉంది. అందులో లైబ్రరీని ఎంచుకుని వింటారు. మామూలు ప్లేలిస్టులో వేర్వేరు లైబ్రరీల పాటలు చేర్చవచ్చు కానీ, నియమాలతో తనంతట తాను నిండే స్మార్ట్ ప్లేలిస్టు ఒక లైబ్రరీ గోడ దాటదు. జెల్లీఫిన్ 2018 డిసెంబరులో, ఎంబీ అనే మరో మీడియా సర్వర్ తన కోడ్‌ను మూసివేసినప్పుడు, దాని నుంచి చీలి పుట్టింది. ఒక్కో వినియోగదారుకు ఏ లైబ్రరీలు కనిపించాలో నిర్వాహకుడు టిక్కు పెట్టే పద్ధతి అందులో సూటిగా ఉంటుంది. నావిడ్రోమ్ చాలాకాలం ఒకే లైబ్రరీతో నడిచి, 2025లో 0.58 వెర్షన్‌తో పలు లైబ్రరీలకు తలుపు తీసింది.

తలుపు తీసింది సర్వరే, కానీ లోపలికి రావాల్సింది ఫోనులోని యాప్. నావిడ్రోమ్‌తో మాట్లాడే యాప్‌లు సబ్‌సోనిక్ అనే పాత సర్వర్ భాషను వాడతాయి. ఆ భాషలో లైబ్రరీకి ‘మ్యూజిక్ ఫోల్డర్’ అని పేరు. ఆల్బమ్‌ల జాబితా, వెతుకులాట, యాదృచ్ఛిక పాటలు అడిగేటప్పుడు ఫోల్డర్ సంఖ్యను జతచేయడానికి వీలుంది. జతచేయాలా వద్దా అన్నది యాప్ ఇష్టం. జతచేయని యాప్‌లో ఆ వినియోగదారుకు అనుమతి ఉన్న అన్ని లైబ్రరీలూ కలగలిసి కనిపిస్తాయి. పైగా ప్రక్రియల జాబితా, ప్లేలిస్టుల జాబితా అడిగే ప్రశ్నల్లో ఫోల్డర్ సంఖ్యకు చోటే లేదు. అందువల్ల ఆల్బమ్‌ల తెర విడిగా ఉండి, ప్రక్రియల తెర కలిసిపోయి కనిపించడం యాప్ లోపమని అందరూ తిట్టుకుంటారు గానీ, మూలం ఆ భాషలోనే ఉంది.

ఇంకో దారి సింఫోనియం వంటి ఆండ్రాయిడ్ యాప్‌లది. ప్లెక్స్, జెల్లీఫిన్, సబ్‌సోనిక్ సర్వర్లు, ఫోనులోని ఫైళ్లు, నెట్‌వర్క్ డ్రైవులు ఎన్ని ఉన్నా వాటి జాబితాలన్నీ దించుకుని, ఫోనులోనే సొంత డేటాబేస్ కడుతుంది. సర్వర్ ఇవ్వని వడపోతలు కూడా అక్కడ చేసుకోవచ్చు. చెల్లించాల్సిన మూల్యం: అదే పాట రెండు చోట్ల ఉంటే రెండుసార్లు కనిపించే ప్రమాదం, యాప్ మార్చితే అందులో కట్టుకున్న నియమాలన్నీ మళ్లీ కట్టుకోవాల్సి రావడం.

ఎక్కడ విడదీయాలి, ఎక్కడ వద్దు

విడదీయడానికి అన్నిటికన్నా బలమైన కారణం వినే తీరు. ప్రవచనాలు, హరికథలు, పుస్తక పఠనాలు గంట, గంటన్నర సాగుతాయి. ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలవ్వాలి. పాటకు అది అక్కర్లేదు. పల్లవి మధ్యలో నుంచి మొదలైతే చిరాకు. ప్లెక్స్‌లో ‘ట్రాక్ పురోగతిని గుర్తుంచుకో’ అనే అమరిక లైబ్రరీ మొత్తానికి ఒకేసారి వర్తిస్తుంది. కాబట్టి ప్రవచనాలకు వేరే లైబ్రరీ తప్పదు. కలిపి ఉంచితే యాదృచ్ఛికంగా పాటలు వింటున్నప్పుడు యుగళగీతం అయిపోగానే భాగవతం ఏడో స్కంధం మధ్య భాగం మొదలవుతుంది.

రెండో కారణం మనుషులు. పిల్లల గేయాలు రోజూ పదేపదే మోగుతాయి. ‘ఎక్కువగా విన్నవి’ జాబితా వారం తిరక్కుండానే వాటితో నిండిపోతుంది. దీనికి లైబ్రరీ విభజన ఒక్కటే సరిపోదు, పిల్లలకు వేరే యూజర్ ఖాతా కూడా ఉండాలి. వినికిడి లెక్కలు ఖాతాకు అంటుకుంటాయి, లైబ్రరీకి కాదు. ఒకే ఖాతాలో రెండు లైబ్రరీలు పెట్టి లెక్కలు విడిపోతాయనుకోవడం తరచూ కనిపించే అపోహ. విదేశాల్లో ఉన్న పిల్లలకు, బంధువులకు సర్వర్ తలుపు తీసేవారికీ ఇదే వర్తిస్తుంది. ఇంటి రికార్డింగుల లైబ్రరీని వారికి ఇచ్చి, మిగతాది ఇవ్వకపోవడం న్యాయపరంగానూ తేలిక. భారత కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వ్యక్తిగత వాడకానికి కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, పదిమందికి పంచే సర్వర్‌ను ఆ గొడుగు కిందికి తేవడం కష్టం.

ఇక ప్రక్రియను బట్టి విడదీయడం దాదాపు ప్రతిసారీ పశ్చాత్తాపంతో ముగుస్తుంది. సినిమాలో వచ్చిన త్యాగరాజ కీర్తన సినిమా లైబ్రరీలోకి వెళ్లాలా, శాస్త్రీయంలోకా? భక్తి చిత్రాల పాటలు? ఎటు పెట్టినా రెండో వైపు వెతికినప్పుడు దొరకవు. ఒక పాటకు రెండు ప్రక్రియల ట్యాగులు ఇవ్వొచ్చు, ఒక ఫైలును రెండు గోడల మధ్య ఉంచలేం. రాగం, తాళం, రచయిత వంటివాటికి ట్యాగులే సరైన చోటు. నాణ్యతను బట్టి ఫ్లాక్ (ధ్వని తగ్గించని పెద్ద ఫైళ్లు) ఒకచోట, ఎంపీ3 ఒకచోట పెట్టడమూ అంతే. ఒకప్పుడు ఫోనుకు చిన్న ఫైళ్లు కావాలని అలా చేసేవారు. ఇప్పుడు సర్వరే అడిగిన వెంటనే ఫ్లాక్‌ను ఓపస్ అనే చిన్న ఫైలుగానో ఎంపీ3గానో మార్చి పంపుతుంది. రెండు ప్రతులు పెడితే ప్రతి పాటా రెండుసార్లు కనిపించి, నక్షత్రాలు చెరిసగం పంచుకుంటాయి.

చోటును బట్టి విభజన మాత్రం కొన్నిసార్లు తప్పదు. బయటి హార్డ్‌డిస్కు ఎప్పుడైనా ఊడిపోయే రకమైతే, దాన్ని వేరే లైబ్రరీగా ఉంచడం సురక్షితం. డిస్కు లేని సమయంలో స్కాన్ నడిస్తే, కొన్ని సర్వర్లు ఆ పాటలన్నిటినీ చెరిపేసినట్టు భావించి కార్డులు తీసిపారేస్తాయి. ప్లెక్స్‌లో స్కాన్ తరువాత చెత్తబుట్టను ఖాళీ చేసే అమరికను ఆపి ఉంచమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఇంటి బయట వినడం

సర్వర్ ఇంట్లో, వినేది ఆఫీసు దారిలో. ఇక్కడ చాలామందికి అడ్డొచ్చేది లైబ్రరీ కాదు, ఇంటర్నెట్ కనెక్షన్. భారత్‌లో చాలా కనెక్షన్లు సీజీ-నాట్ వెనుక ఉంటాయి, అంటే ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి. రౌటర్‌లో కనిపించే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే పోర్టు (బయటి నుంచి వచ్చే దారి) ఎంత తెరిచినా బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు. టెయిల్‌స్కేల్ లేదా వైర్‌గార్డ్ వంటి సొరంగ మార్గాలు, లేదా ఐపీవీ6 (చిరునామా పంచుకోనక్కర్లేని కొత్త ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి), దీనికి విరుగుడు. డేటా పెద్ద సమస్య కాదు. 320 కేబీపీఎస్ దగ్గర ఐదు నిమిషాల పాటకు 12 ఎంబీ, 128 దగ్గర 4.8 ఎంబీ. ప్లెక్స్ 2025 ఏప్రిల్ చివరి నుంచి ఇంటి బయట సొంత వీడియోలు చూడటానికి రుసుము పెట్టాక, సంగీతానికి కూడా ప్రత్యామ్నాయం ఉంచుకోవాలన్న ఆలోచనతో రెండు సర్వర్లు ఒకే ఫోల్డర్ మీద నడిపేవారు కనిపిస్తున్నారు. ఫైళ్లను ఇద్దరూ చదవడమే తప్ప రాయనంత వరకు అందులో ప్రమాదం లేదు. కార్డుల పెట్టెలు మాత్రం రెండవుతాయి.

నక్షత్రాలు ఎవరి వెంట వెళ్తాయి

ఒక యాప్ నుంచి మరో యాప్‌కు మారేటప్పుడు పాటలు సులభంగానే వస్తాయి, వాటి మీద పెట్టుకున్న గుర్తులు రావు. ప్లేలిస్టును ఎం3యూ ఫైలుగా తీసుకెళ్లవచ్చు, కానీ అందులో ఉండేది ఫైళ్ల దారులే. దారులు పూర్తి చిరునామాతో కాక ఆ ఫోల్డర్ నుంచి సాపేక్షంగా ఉంటేనే కొత్త చోట పనిచేస్తాయి. లైబ్రరీని రెండుగా చీల్చి ఫైళ్లు వేరే ఫోల్డర్‌కు తరలించాక పాత ఎం3యూలు మూగబోవడానికి కారణమిదే.

నక్షత్రాలను ఫైలులోనే దాచే వీలు ఐడీ3లో ఉంది. పాపులారిమీటర్ అనే ఆ గడిలో 0 నుంచి 255 వరకు అంకె, ఎన్నిసార్లు విన్నారన్న లెక్క పెట్టవచ్చు. విండోస్‌లో మూడు నక్షత్రాలంటే 128, నాలుగంటే 196. మరో ప్లేయర్‌ది మరో కొలత. నావిడ్రోమ్ అయితే పాటల ఫోల్డర్‌ను చదవడమే తప్ప అందులో ఏమీ రాయదు. దాని నక్షత్రాలు, లెక్కలు, యూజర్లు, ప్లేలిస్టులు అన్నీ ఉండేది ఒకే ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలులో.

కాబట్టి విభజన పని వరుస ఇలా ఉండటం మేలు. సర్వర్ ఆపి డేటాబేస్ ఫైలును వేరే చోటికి కాపీ చేయడం మొదటిది. ఎంపీ3ట్యాగ్ లాంటి సాధనంతో సైట్ల పేర్లు, ఖాళీ ఆల్బమ్ ఆర్టిస్ట్‌లు, సంవత్సరాలు సరిచేయడం రెండోది. గుర్తింపు మారి నక్షత్రాలు పోయేది ఎక్కువగా ఈ దశలోనే గనుక, పది ఆల్బమ్‌ల మీద చేసి, స్కాన్ చేసి, లెక్కలు నిలిచాయో లేదో చూశాకే మిగతావాటి జోలికి వెళ్లాలి. ప్రవచనాల ఫోల్డర్‌ను వేరే లైబ్రరీగా చూపించడం ఆ తరువాతి పని. అప్పుడు పాత లైబ్రరీ దారిలోంచి ఆ ఫోల్డర్ బయటికి వచ్చిందో లేదో సరిచూసుకోవాలి, లేకుంటే ఒకే ప్రవచనం రెండు లైబ్రరీల్లోనూ లెక్కకొస్తుంది.